చేపల పేర్లు – ఒక పంతులు ప్రాయశ్చిత్తం

మూడు దశాబ్దాలకు పైగా తెలుగు పండితునిగా పనిచేసినవాణ్ణి. చేపకు పర్యాయపదాలడిగితే మత్స్యము, మీనము, ఝషము అంటూ అమరకోశ పఠన పుణ్యాన తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ఉద్యోగపు తొలినాళ్ళలో భీమునిపట్నం సమీపాన ఒక తీరగ్రామంలో ఉండగా, 'మా ఊరు' అన్న వ్యాసంలో ఒక జాలరి బాలుడు ఇలా వ్రాశాడు: "మా నాన్న సముద్రంలో కనగుర్తలు పడతాడు, మా మామ ఏటిమొగలో బొంతలు పడతాడు, మా తాత చెరువులో కొర్రమీనులు పడతాడు." ఆ మూడు పేర్లనూ ఎర్రసిరాతో కొట్టివేసి, పైన 'మత్స్యములు' అని దిద్దాను. గ్రామ్యాన్ని పరిహరించానని సంతోషించాను కూడా.

అది ఎంతటి అపచారమో పదవీ విరమణానంతరం పాట్రిక్ రస్సెల్ చరిత్ర చదివాక గాని తెలిసిరాలేదు. స్కాట్లండు దేశీయుడైన ఈ వైద్యుడు కంపెనీ కొలువులో ఉన్న సోదరునితో విశాఖపట్నం వచ్చి, 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియుక్తుడైనాడు. రక్తపింజరికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు ఈయనదే. విశాఖలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలను, చిత్రాలను 1803లో లండనులో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. అందులో చేపల స్థానిక నామాలను తన చెవికి వినిపించినట్లు రోమను లిపిలో పదిలపరిచాడు. నేను కొట్టివేసిన 'కనగుర్త' అందులో ఉన్నది!

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే ఆ గ్రంథం ఆధారంగానే 1816లో ఈ చేపకు శాస్త్రీయనామం పెట్టాడు. నేటికీ ప్రపంచమంతటా అది 'రాస్ట్రెల్లిగర్ కనగుర్త'యే. మన పులసకు మాత్రం ఆ అదృష్టం పట్టలేదు. రస్సెల్ వ్రాసుకొన్న 'పలసా'ను క్యువియే 1829లో స్వీకరించాడు. కాని గంగానది చేపలపై హామిల్టన్ వ్రాసిన గ్రంథంలో వంగదేశపు పేరు 'ఇలిషా' 1822లోనే అచ్చయింది. ముందు అచ్చయిన పేరే నిలుస్తుందన్నది శాస్త్రనియమం. ఏడేళ్ళ తేడాతో మన మాట వెనుకబడిపోయింది.

ఆ బాలుని వాక్యాన్ని ఇప్పుడు మళ్ళీ చదువుకొంటే అందులో ఒక జలపటమే కనిపిస్తున్నది. కనగుర్త తీరానికి చేరువ జలాల పైపొరల్లో గుంపులుగా తిరిగే చేప. బొంత ఉప్పునీటినీ మంచినీటినీ తట్టుకొని, రెండూ కలిసే మొగలో పెరుగుతుంది. కొర్రమీను బురదచెరువులో నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొని బ్రతుకుతుంది. ఇక పులస సంగతి చూడండి: సముద్రంలో ఉన్నంతవరకు అది విలస; వరదకాలంలో గ్రుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదితే పులస. నీరు మారితే పేరే మారుతుంది! ఇటువంటి భేదాన్ని పట్టగల మాటలు మా నిఘంటువుల్లో ఎన్ని ఉన్నాయి?

పరదేశీయుడొకడు జాలరుల నోటిమాటను అడిగి వ్రాసుకొన్నాడు. తెలుగు పండితుడనైన నేను, అడగకుండానే వచ్చిన మాటను చెరిపివేశాను. ఆ బాలుడు మళ్ళీ ఏ వ్యాసంలోనూ చేపల ఊసెత్తలేదు. పేర్లు వాడేవారు తగ్గితే, ఏ చేప ఏ నీటిలో ఎప్పుడు దొరికేదో చెప్పేవారూ తగ్గుతారు. తీరవాసులైన మిత్రులు తమ పెద్దల నోట విన్న పేర్లను, అవి దొరికే తావులతో సహా, వ్రాసి ఉంచవలసిందిగా ప్రార్థన. దయచేసి ఎవ్వరూ దిద్దకండి.