జప్తు

జప్తు అనగానే కోర్టు అమీనా గుర్తొస్తాడు. రెండు మాటలూ అరబ్బీవే, పారశీ మీదుగా మనదాకా వచ్చాయి. ‘అమీన్’ అంటే నమ్మకస్తుడు. గుమ్మంలో అతణ్ణి చూసిన బాకీదారుకు మాత్రం ఆ అర్థం తోచదు. ‘జబ్త్’ అంటే గట్టిగా పట్టి ఉంచడం, అదుపు. అక్బరు కాలంలో భూమి కొలిచి శిస్తు కట్టే పద్ధతి జబ్తీ. ఉర్దూలో కన్నీళ్ళు దిగమింగుకోవడమూ జబ్తే. ఆ మెత్తని అర్థాన్ని తెలుగు వదిలేసింది, ఆస్తి పట్టుకోవడాన్నే ఉంచుకుంది.

అయినా పట్టుకు హద్దుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం కట్టుబట్టలు, వంటపాత్రలు, పక్కబట్టలు, చేతివృత్తివాళ్ళ పనిముట్లు, మతాచారం ప్రకారం స్త్రీ తీయకూడని నగ (మన దగ్గర మంగళసూత్రమన్నమాట) జప్తుకు రావు. పొద్దుగూకాక, తెల్లారకముందు అమీనా ఇంట్లో అడుగుపెట్టకూడదు. ఇల్లూ పొలమూ అయితే మోసుకుపోయేదేం లేదు. అమ్మరాదు, రాసివ్వరాదన్న కోర్టు ఉత్తర్వును అక్కడికక్కడే దండోరా వేయించి, ప్రతిని అంటిస్తారు. అప్పుకన్నా ఆ డప్పుచప్పుడే ఎక్కువ పరువు తీస్తుందని నా అనుమానం.