వాలు, అంతరఖండం: బండ లోతు చెప్పే గీత

హైదరాబాద్‌లోని మౌలాలి గుట్ట ఒళ్లంతా బండే. గుట్ట దిగి నాచారం, ఉప్పల్ వైపు వస్తే అదే గ్రానైట్ మట్టి కింద, మొరం కింద దాక్కుంటుంది. ఎంత లోతున ఉందో తవ్వకుండా తేల్చడానికి ఇంటర్మీడియట్ సరళరేఖ పాఠంలోని రెండు మాటలు చాలు: వాలు, అంతరఖండం. మొదటిదాన్ని విద్యార్థులు గౌరవిస్తారు. రెండోది చివర్లో కలిపే అంకెగానే మిగిలిపోతుంది.

నేల మీద ఉక్కు పలక పెట్టి సుత్తితో కొడతారు. వరుసగా గుచ్చిన జియోఫోన్లు అదురు ఎప్పుడు చేరిందో నమోదు చేస్తాయి. దూరాన్ని అడ్డంగా, కాలాన్ని నిలువుగా తీసుకుని చుక్కలు పెడితే గీత ఒకచోట విరుగుతుంది. విరిగేదాకా ఉన్నది మట్టిలో నేరుగా వచ్చిన తరంగం. ఆ తర్వాతిది బండ దాకా దిగి, దాని పైఅంచు వెంట పరుగెత్తి, మళ్లీ పైకొచ్చినది.

మొదటి గీత వాలు మీటరుకు 2 మిల్లీసెకన్లు అనుకుందాం. అంటే మట్టిలో వేగం సెకనుకు 500 మీటర్లు. రెండో గీత వాలు 0.2 అయితే బండలో వేగం 5,000 మీటర్లు. వాలు తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. రెండో గీతను వెనక్కి పొడిగిస్తే నిలువు అక్షాన్ని 40 మిల్లీసెకన్ల దగ్గర తాకిందనుకోండి. దూరం సున్నా అయినా కాలం సున్నా కాలేదు! అంతరఖండమైన ఆ 40 మట్టిలో దిగి ఎక్కిన ఖర్చు. అందులో సగాన్ని 500తో గుణిస్తే బండ 10 మీటర్ల లోతున ఉన్నట్టు. తరంగం కాస్త ఏటవాలుగా దిగుతుంది కాబట్టి అసలు సూత్రంలో చిన్న సవరణ ఉంది. ఈ అంకెలకు అది అయిదు సెంటీమీటర్లే. బండ పైఅంచు ఒక పక్కకు వంగి ఉంటే మాత్రం వాలు మోసం చేస్తుంది. అందుకే రెండు చివర్ల నుంచీ కొడతారు.

1909లో క్రొయేషియాలో వచ్చిన భూకంపం రికార్డుల్లో భూకంప శాస్త్రవేత్త మొహొరొవిచిచ్ ఇలాంటి రెండు రకాల తరంగాలనే గుర్తించి, భూపటలానికి అడుగుహద్దు ఉందని తేల్చాడు. ఆ హద్దును నేటికీ 'మొహో' అంటారు.

తెలుగునాట దాని లోతు వెతికింది మౌలాలికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, ఉప్పల్ రోడ్డులో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. 1961లో స్థాపించిన ఈ సంస్థ 1972–75 మధ్య సోవియట్ శాస్త్రవేత్తల సహకారంతో నెల్లూరు జిల్లా కావలి నుంచి కర్ణాటక తీరంలోని ఉడుపి దాకా, సుమారు 600 కిలోమీటర్ల పొడవునా సర్వే చేసింది. సుత్తి దెబ్బ ఇంత దూరానికి చాలదు, పేలుళ్లు కావాలి. ఆ దారిలో మొహో సుమారు 34 నుంచి 41 కిలోమీటర్ల లోతున ఉన్నట్టు తేలింది.

రాళ్ల వయసు లెక్కలోనూ వాలు, అంతరఖండాల జంటే. రుబీడియం–స్ట్రాన్షియం పద్ధతిలో, రాయి నమూనాల్లో ఆ మూలకాల ఐసోటోపుల నిష్పత్తులను చుక్కలుగా పెడితే వచ్చే గీత వాలు నుంచి రాయి వయసు వస్తుంది. అంతరఖండం అది పుట్టినప్పుడున్న స్ట్రాన్షియం నిష్పత్తిని చెబుతుంది. హైదరాబాద్ గ్రానైట్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు.