లెక్కకు రాని పోడు

పర్ణశాలకు వచ్చినవాళ్లు సీతమ్మ చీర ఆరేసిన రాళ్లు చూసి వెళ్లిపోతారు. చుట్టుపక్కల కోయగూడేల్లో ఆలుమగలు విడిపోతే ఆస్తి తగవు ఎలా తేలేదో అడిగేవాళ్లు తక్కువ. బయటి కోర్టుల్లో అయితే, భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో వెల్లడించాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులో, రజనీశ్-నేహా కేసులో చెప్పింది. గూడేనికి ఆ కాగితం అక్కర్లేకపోయింది. పశువులు, గింజలు, ఇత్తడి సామాను పదిమంది కళ్లముందే ఉండేవి. పెళ్లికొడుకు వైపువాళ్లు పిల్ల పుట్టింటికి ఓలి ఎంతిచ్చారో పెళ్లిభోజనం తిన్నవాళ్లే సాక్షులు. దాచింది వెతకడం పెద్దమనుషుల పని కాదు. ఓలి ఎంత తిరిగిరావాలి, తప్పు ఎవరు కట్టాలి అన్నదే తగవు. మారుమనువాడినవాడు మొదటి మగడి ఖర్చు చెల్లిస్తే అది తెగేది.

అంతమాత్రాన ఆచారమే మేలనుకోలేం. పంచాయితీ లెక్కపెట్టింది మగవాడి వైపు నుంచి కదిలిన సొమ్మునే. ఆమె కలుపు తీసిన పోడు, ఏరిన ఇప్పపువ్వు, కోసిన తునికాకు ఆ లెక్కలోకి రాలేదు. ఆస్తిని మాయం చెయ్యడానికి దాచనక్కర్లేదు, ఎంచకపోతే చాలు. ఓలి ఆడదాని శ్రమకు కట్టిన విలువే కదా అనేవాళ్లున్నారు. కట్నం కంటే అది నయమే, కాదనను. కానీ ఆ విలువ చేరింది పుట్టింటివాళ్లకు, ఆమె చేతికి కాదు.

భూమి దగ్గర కథ ఇంకా ముదిరింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పాలు కాకుండా మద్రాసు ప్రెసిడెన్సీ 1917లోనే చట్టం చేసింది. 1959 నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ, అంటే జనం నోట 1/70, దాన్ని బిగించాయి. దొడ్డిదారి వెంటనే దొరికింది: గిరిజనేతరుడు గిరిజన స్త్రీని కట్టుకుని ఆమె పేర భూమి రాయించడం. పత్రం ఆమెది, పంట అతడిది. ఇలాంటి కాపురం చెడితే ఆ భూమి తనదని అతడు ఏ ప్రమాణపత్రంలోనూ రాయలేడు, రాస్తే చట్టానికి దొరుకుతాడు.

2006 అటవీ హక్కుల చట్టం పోడు పట్టాను భార్యాభర్తలిద్దరి పేరా నమోదు చెయ్యమంది. అమ్మడానికి వీల్లేని పట్టా విడిపోయేవాళ్లకు ఎందుకంటారా? అమ్ముకోలేనిది రహస్యంగా చేతులు మారడమూ కష్టమే. పైగా ఆమె చెమటోడ్చిన చేను మొదటిసారి ఆమె పేరుతో కాగితమెక్కింది. ఇక విడాకుల మాటకొస్తే, హిందూ వివాహ చట్టం, కేంద్రం ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించదు. విడిపోయినప్పుడు ఆ చేలో గట్టు ఎక్కడ వెయ్యాలో అటవీ హక్కుల చట్టంలోనూ లేదు. అది మళ్లీ పెద్దమనుషుల ముందుకే వస్తుంది, ఈసారి చేతిలో రెండు పేర్ల కాగితంతో.