నడుమ ఒక మజిలీ

మా అమ్మాయి వీపున ఒక సంచీ తగిలించుకుని యూరప్ చూడబోయి ఏడు వారాలు దాటింది. చేస్తున్న ఉద్యోగం మానేసి, కూడబెట్టుకున్న డబ్బుతో మూడు నెలల ప్రయాణం పెట్టుకుంది. భైంసాలో మా వీధి వీధంతటికీ ఈ సంగతి తెలుసు. కూరగాయల బండి దగ్గర నిలబడితే చాలు, "ఇయ్యాల ఏ దేశంల ఉన్నది మీ బిడ్డ?" అని అడుగుతారు. నేనూ తడుముకోకుండా చెబుతాను. గోడమీది క్యాలెండరులో ప్రతి తేదీ గడిలోనూ ఊరి పేరు రాసి పెట్టుకున్నాను మరి!

ఆ రాత్రి ఫోను చేసింది. గొంతులో హుషారు లేదు.

"అమ్మా, ఏం చూడబుద్ధయితలేదు. చర్చీలన్నీ ఒక్కతీరే కనబడుతున్నయి. ఫోన్ల ఫొటోలు చూస్తే ఏది ఏ ఊరో నాకే యాదికొస్తలేదు. పొద్దున సంచీ సదురుడు, రాత్రి ఇప్పుడు. ఈడ ల్యుబ్లియానాల నాలుగైదు రోజులు ఊకెనే ఉందామనుకుంటున్న" అంది.

ల్యుబ్లియానా అంటే స్లొవేనియా దేశపు రాజధాని. నా క్యాలెండరులో ఆ ఊరికి ఒకే ఒక్క గడి. మర్నాటి గడిలో వియన్నా. పిల్ల అంత నీరసంగా చెబుతుంటే నా నోటివెంట వచ్చిన మొదటి మాటేమిటో తెలుసా? "గంత దూరం పోయి ఊకె కూసుంటవా? వియన్నా దగ్గర్నే గదా! అది చూసినంక రెస్టు తీసుకో."

అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత "సరే అమ్మా" అని పెట్టేసింది.

పక్క మంచంమీద మా అత్తమ్మ నిద్రపోయిందనుకున్నాను. ఎనభై దాటిన మనిషి. కళ్ళు తెరవకుండానే, "దానికట్ల ఎందుకు చెప్పినవ్? దిండీల సుత ముక్కాం ఉంటది గదా" అని అటువైపు తిరిగి పడుకుంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా భైంసా మహారాష్ట్ర పొలిమేరకు దగ్గరి ఊరు. పత్తి బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో ముగుస్తుంది. మరాఠీ, ఉర్దూ, తెలుగు మూడూ మా ఇంట్లో కలిసే కాపురం చేస్తాయి. అత్తమ్మ కొత్త కోడలుగా ఉన్న రోజుల్లో పండరిపురం దిండీలో నడిచింది. దిండీ అంటే అభంగాలు పాడుకుంటూ విఠలుని దర్శనానికి నడిచిపోయే భక్తుల గుంపు. ఆ నడకలో ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆళంది నుంచి బయలుదేరే జ్ఞానేశ్వరుని పల్లకీనే చూడండి. ఆషాఢ ఏకాదశికి పండరిపురం చేరాలి, దూరమా 250 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అయినా పుణె చేరగానే అక్కడ రెండు రాత్రులు ఆగిపోతుంది. దేవుడు ఎదురుచూస్తున్నాడు కదా అని ఎవరూ తొందరపడరు. ఆగడం కూడా యాత్రలో భాగమే!

'ముక్కాం' అని మరాఠీలో అనే మాటే మన 'మకాం'. అరబ్బీ నుంచి వచ్చింది. 'మజిలీ' కూడా అటువంటిదే. 'మంజిల్' అంటే ప్రయాణీకులు దిగే చోటు. తమాషా ఏమిటంటే రెండు దిగేచోట్ల నడుమ దూరానికీ అదే పేరు స్థిరపడింది. "ఆ ఊరు రెండు మజిలీల దూరం" అనేవారు. అంటే దూరాన్ని కొలిచింది నడకతో కాదు, విశ్రాంతితో. మన పెద్దవాళ్ళ లెక్క ఎంత చక్కనిదో!

ఇంకా వెనక్కి వెళదాం. మా ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరంలో బాసర దగ్గర గోదావరి మా ప్రాంతంలోకి వస్తుంది. ఈ గోదావరి ఒడ్డునుంచి సాగిన ఒక మహాప్రయాణం బౌద్ధుల 'సుత్తనిపాతం'లో ఉంది. అస్సక దేశంలో, గోదావరి తీరాన, బావరి అనే వృద్ధ తపస్వి ఉండేవాడు. ఆయన ఆశ్రమం ఇప్పటి నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తి దగ్గరే ఉండేదని చాలామంది నమ్ముతారు. బుద్ధుని గురించి విని, తాను వెళ్ళే ఓపిక లేక, పదహారుగురు శిష్యులను ప్రశ్నలు అడగడానికి పంపాడు. వాళ్ళు పైఠాన్, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి మీదుగా మగధ దాకా పోయారు. ఆ గ్రంథంలో దారి వర్ణన లేదు. ఉన్నవల్లా ఊళ్ళ పేర్లు, ఒకదాని వెంట ఒకటి, జపమాలలో పూసల్లాగ.

ఆ బుద్ధుడు కూడా తన భిక్షువులకు పెట్టిన నియమం ఏమిటి? ఏడాదంతా తిరగండి, వానాకాలం మూడు నెలలు మాత్రం ఒక్కచోట ఉండండి అని. మన సన్యాసుల చాతుర్మాస్య దీక్షా అటువంటిదే. ఇల్లూ వాకిలీ వదిలేసిన వాళ్ళు కూడా ఆగడాన్ని వదలలేదన్నమాట.

మనకు బాగా దగ్గరి ఉదాహరణ ఏనుగుల వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. 15 నెలలకు పైగా ప్రయాణం! ఆయన పల్లకీలో. వెంట ఇంటి ఆడవాళ్ళతో సహా దాదాపు వందమంది పరివారం. కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు చూసుకుని నాగపూరు దారి పట్టారు. ఆ దారి నిర్మల్ మీదుగానే పోతుంది. నిర్మల్ మాకు నలభై కిలోమీటర్ల పైచిలుకు. వానాకాలంలో, వాగులు పొంగే రోజుల్లో, ఆ నల్లరేగడి బురదలో బోయీలు పల్లకీలు మోసుకుపోవడం తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ బురద సంగతి మా జిల్లాలో పుట్టినవాళ్ళకు చెప్పక్కరలేదు!

ఆయన రోజూ కొంత దూరమే పోయేవారు. మజిలీ చేరగానే ఆ ఊళ్ళో నీళ్ళ వసతి ఎలా ఉంది, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా అన్నీ వివరంగా రాసుకునేవారు. ఈ విశేషాలన్నీ కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళై అనే స్నేహితునికోసం. వీరాస్వామయ్యగారు 1836లో పోయాక ఆ స్నేహితుడే వాటిని 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించారు. తెలుగువారి తొలి యాత్రాగ్రంథాల్లో దీనికి పెద్దపీట. ఆలోచించి చూడండి, కదిలే పల్లకీలో ఈ పుస్తకం పుడుతుందా? కాళ్ళు కడుక్కుని, ఒక చెట్టు నీడన స్థిమితంగా కూర్చుంటేనే కదా పొద్దుటినుంచి చూసిందేమిటో మనసులోకి దిగేది!

ఇంతవరకూ చదివి మురిసిపోయి పుస్తకం మూయబోతుంటే నాకొక అనుమానం వచ్చింది. అయ్యగారు చెట్టు కింద కూర్చుని రాసుకుంటున్నారు సరే, అప్పుడు పొయ్యి దగ్గర ఎవరున్నారు? బోయీలు భుజాలు ఎక్కడ ఆనించి పడుకున్నారు? ఆ యాత్రలో నడిచిన ఆడవాళ్ళకు నిర్మల్ ఎలా కనిపించిందో చెప్పే ఉత్తరం ఒక్కటీ మనకు మిగల్లేదు. మజిలీ అందరిదీ, విశ్రాంతి మాత్రం కొందరిదే.

అలాగని చరిత్రలో మజిలీలకు ఆడవాళ్ళ పేర్లు లేకపోలేదు. హైదరాబాదు శివార్లలోని హయత్‌నగర్ పేరు ఎవరిదనుకున్నారు? కులీ కుతుబ్‌షా కూతురు హయత్ బక్షీ బేగంది. ఆమె పేరిట అక్కడ మసీదు, బాటసారులకు సరాయి వెలిశాయి. 1795లో కన్నుమూసిన ఇందూరు రాణి అహల్యాబాయి హోల్కర్ దేశమంతా యాత్రికుల కోసం ఘట్టాలు, ధర్మశాలలు కట్టించింది. అక్కడ ఐరోపాలో ఆల్ప్స్ కొండలమీద, 2,469 మీటర్ల ఎత్తున, గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమలో సన్యాసుల సత్రం పదకొండో శతాబ్దం నుంచీ మంచులో చిక్కిన బాటసారులకు ఆశ్రయమిస్తోంది.

రాణుల దగ్గర ఖజానా ఉంది. ఏమీ లేకుండా మజిలీ నడిపినామె డొక్కా సీతమ్మగారు (1841-1909). కోనసీమలో లంకల గన్నవరం ఆమె అత్తవారి ఊరు. వేళకానివేళ ఎవరు వచ్చినా అన్నం పెట్టింది ఆ తల్లి. ఆమె గురించి ఒక ముచ్చట చెప్పుకుంటారు. జీవితంలో ఒక్కసారి అంతర్వేది నరసింహస్వామిని చూద్దామని బయలుదేరిందట. దారిలో కాస్త అలుపు తీర్చుకోవడానికి ఆగితే, ఎవరో పెళ్ళివారు ఆకలితో అటుగా పోతూ, "కొంచెం ఓర్చుకోండి, సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుతుంది" అని పిల్లలను సముదాయించడం వినబడిందట. అంతే, దేవుని దర్శనం మానేసి వెనక్కి తిరిగి, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టిందట.

చిన్నప్పటినుంచీ ఈ కథ విన్నప్పుడల్లా చేతులెత్తి దండం పెట్టాను. ఇప్పుడూ పెడతాను. కానీ ఈసారి మొదటిసారిగా నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరికీ మజిలీ అయిన మనిషికి దారిలో ఒక్క మజిలీ అయినా దక్కలేదు కదా!

ఆ మాట అనుకోగానే నా సంగతి గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కింద ఒక బస్సు మాట్లాడుకుని అందరం కాశీ వెళ్ళాం. పది రోజుల్లో ఎన్ని గుళ్ళు చూశామో ఇప్పుడు చెప్పలేను. కానీ దారిలో బస్సు చెడిపోయి, మధ్యప్రదేశ్‌లో ఒక పల్లె దగ్గర ఒక పూటంతా పడి ఉండడం మాత్రం కళ్ళకు కట్టినట్టుంది. వేపచెట్టు, చేదబావి, మేకలు తోలుకుపోతున్న పిల్ల. మగవాళ్ళు తువ్వాళ్ళు పరుచుకుని గుర్రు పెట్టారు. మేము ఆడవాళ్ళం తడిబట్టలు ఆరేశాం, పిల్లలకు అటుకులు కలిపాం. అప్పుడు అత్తమ్మ నా చెయ్యి పట్టి లాగి, "నువ్వు పండుకో, నేను చూస్త" అంది. ఆ చెట్టుకింద రెండు గంటలు పడుకున్నాను. పెళ్ళయ్యాక పట్టపగలు అంత నిద్ర పోవడం అదే మొదలు. కాశీయాత్ర మొత్తంలో నాకు మిగిలింది ఆ నిద్రే అంటే నవ్వకండి.

మజిలీలు పోవడానికి ఒకరిని తప్పుపట్టి లాభం లేదు. 1900 ప్రాంతంలో సికింద్రాబాదు-మన్మాడ్ రైలు బాసర మీదుగా వచ్చింది. రోజుల లెక్క గంటల లెక్కయింది. అది మేలే. పురిటికి పుట్టింటికి పోయే పిల్ల బండిలో ఎన్నో రోజులు కుదుపులు తినే బాధ తప్పింది. యూరప్‌లోనూ 1972లో ఇరవయ్యొక్కేళ్ళ లోపు వాళ్ళకోసం ఇంటర్‌రైల్ అని ఒక పాసు పెట్టారు. ఒక్క టికెట్టుతో నెల రోజులు, 21 దేశాలు! కుర్రకారుకు ప్రపంచం తెరుచుకుంది. కానీ చేతిలో పాసు ఉందంటే ఆగిన ప్రతిరోజూ నష్టం కింద జమ అవుతుంది. పూర్వం బండి ఎడ్లు అలిసిపోయి మనుషులను ఆపేవి. రైలుకు అలుపు లేదు, కనుక ఆగవలసిన పూచీ మనమీదే పడింది. 'ఆగుతాను' అని మనమే అనాలి. అది అన్నవాళ్ళను ఇంట్లోవాళ్ళు నాలాగ, "వియన్నా దగ్గర్నే గదా" అనకూడదు.

అసలు ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పుడు తెలుసు. పగలు నడుం వాల్చితే తప్పు చేసినట్టు ఉలిక్కిపడి లేచే అలవాటు నాది. ఆ అలవాటునే, మంచి బుద్ధి చెబుతున్నాననుకుని, ఏడు సముద్రాల అవతల ఉన్న పిల్లకు ఫోనులో పంపించాను.

తెల్లవారగానే నేనే ఫోను చేశాను. అక్కడ ఇంకా నడిరాత్రి. పాపం, నిద్రలోంచే ఎత్తింది.

"బిడ్డా, వియన్నా ఎటూ పోదు. నువ్వు ఆడనే ఉండు. ఎన్ని రోజులన్న ఉండు."

"ఏమైందమ్మా?" అని కంగారు పడింది.

"ఏం కాలేదు. దిండీల సుత ముక్కాం ఉంటదంట. నాయనమ్మ చెప్పింది."

అక్కడ తొమ్మిది రోజులు ఉంది. ఊరి నడుమ ల్యుబ్లియానిత్సా అనే చిన్న నది ఉందట. పాతబస్తీలోకి కార్లు రానివ్వరట. నది ఒడ్డున నీళ్ళదాకా దిగే మెట్లున్నాయి, ఎదురుగా చెట్లు. రోజూ పోయి ఆ మెట్లమీద కూర్చునేదట. మొదటి రెండు రోజులు నిద్రే. మూడో రోజు బట్టలు ఉతుక్కుంది. ఐదో రోజు బజారులో రేగుపళ్ళంత చెర్రీలు అమ్మే ముసలామె తనను గుర్తుపట్టి గుప్పెడు ఎక్కువ వేసిందట. ఆ రాత్రే నాకు ఒక పెద్ద ఉత్తరం రాసింది. ఏడు వారాల్లో మొదటి ఉత్తరం! అప్పటిదాకా చూసిన ఊళ్ళన్నీ అందులో ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి. వీరాస్వామయ్యగారి రహస్యం మా పిల్లకూ తెలిసిపోయింది.

నేను క్యాలెండరు దగ్గరికి పోయి, వియన్నా కొట్టేసి, తొమ్మిది గడుల్లోనూ ఒకే ఊరి పేరు రాశాను. పెన్ను చేతిలోనే ఉంది కదా అని, వచ్చే ఆదివారం గడిలో 'ముక్కాం' అని కూడా రాశాను. అదే ఊరని మావారు అడిగారు. మన ఇల్లే అన్నాను.

ఆ ఆదివారం పొయ్యి ఆయనే వెలిగించారు. ఉప్మాలో ఉప్పు బాగా ఎక్కువైంది. అయినా అత్తమ్మ మారు వడ్డించుకుని తింది.