స్మాల్‌బోర్ రైఫిల్ షూటింగ్

5.6 మిల్లీమీటర్ల (పాయింట్ 22) తూటాతో, ఎక్కువగా 50 మీటర్ల దూరం నుంచి సాగే గురి పోటీ. లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం కేవలం 10.4 మిల్లీమీటర్లు. ఆరుబయట రేంజిలో చిన్నపాటి గాలి కూడా తూటాను పక్కకు నెట్టేస్తుంది. అందుకే ఇందులో చేతి నిలకడతో పాటు గాలిజెండాలను చదవగల నేర్పూ కావాలి.

ఒలింపిక్స్‌లో ఈ పోటీలు 1908 లండన్ క్రీడలతో మొదలయ్యాయి. మోకాలిపై, బోర్లా పడుకొని, నిలబడి కాల్చే మూడు భంగిమల పోటీ 1952లో వచ్చింది. అందులో మహిళలకు ప్రత్యేక పోటీ రావడానికి 1984 దాకా పట్టింది. బోర్లా పడుకొని కాల్చే పోటీని 2016 తర్వాత ఒలింపిక్స్ నుంచి తీసేశారు.

తెలుగునాట ఈ ఆటకు గుర్తుండే పేరు హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆయన కాంస్యం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో వచ్చింది కాబట్టి చాలామంది ఆయన్ను ఆ ఒక్క విభాగానికే కట్టేస్తారు. అది సరికాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో గెలిచిన నాలుగు స్వర్ణాల్లో రెండు 50 మీటర్ల మూడు భంగిమలవే. 2014 గ్లాస్గోలో స్మాల్‌బోర్‌లోనే రజతం, కాంస్యం సాధించారు. లండన్‌లో మాత్రం 50 మీటర్ల పోటీల్లో ఫైనల్ చేరలేదు. పడుకొని కాల్చే పోటీలో బెంగాల్ షూటర్ జయదీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో ఆగారు.

స్మాల్‌బోర్‌లో భారత్‌కు తొలి ఒలింపిక్ పతకం 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే తెచ్చిన కాంస్యం. ఆ క్రీడల్లో భారత బృందానికి నాయకత్వ బాధ్యత నారంగ్‌దే.