కారుకు కొత్త రంగు తొడుగు.. ఖర్చు ఎంత?
చౌక ఫిల్మ్‌కు ఎండలో మన్నిక తక్కువ
ర్యాపింగ్‌కు ముందే లెక్క చూసుకోవాలి

కంచికచర్ల: హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారిపై ఉన్న కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లో లారీలకు, ఆటోలకు రేడియం స్టిక్కర్లు అతికించడం పాత అలవాటే. ఇప్పుడు యువత మోజు చిన్న కార్ల మీదికి మళ్లింది. మారుతీ స్విఫ్ట్, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ వంటి చురుకైన కార్లకు పెయింట్ మార్చకుండానే కొత్త రంగు తెచ్చిపెట్టే విధానమే వినైల్ ర్యాపింగ్. నచ్చనప్పుడు తొలగిస్తే అసలు రంగు మళ్లీ బయటపడుతుంది. అయితే దుకాణదారుడు చెప్పిన ధర ఒక్కటే చూసి కారు అప్పగిస్తే తరువాత నష్టపోక తప్పదు.

ఫిల్మ్ ఎంత కావాలి?
వినైల్ ఫిల్మ్ సాధారణంగా 1.52 మీటర్ల, అంటే సుమారు 5 అడుగుల వెడల్పు చుట్టలుగా లభిస్తుంది. నాలుగు మీటర్లలోపు పొడవున్న కారుకు పూర్తిగా తొడిగేందుకు వృథాతో కలిపి సుమారు 15 మీటర్ల ఫిల్మ్ కావాలి. ఇది దాదాపు 245 చదరపు అడుగులు. బంపర్లు, అద్దాల తొడుగులు వంటి వంపుల వద్ద వృథా ఎక్కువ. పైకప్పు ఒక్కటే నల్లగా మార్చుకోవాలంటే సుమారు 2 మీటర్లు చాలు.

రెండు రకాలు
వినైల్ అంటే పాలీవినైల్ క్లోరైడ్ అనే ప్లాస్టిక్. దీనితో చేసే ఫిల్మ్‌లు రెండు రకాలు. ద్రవ రూపంలోని పదార్థాన్ని పలుచగా పోసి ఆరబెట్టినది కాస్ట్ ఫిల్మ్. వేడి రోలర్ల మధ్య నొక్కి సాగదీసినది క్యాలెండర్డ్ ఫిల్మ్. సాగదీసిన ఫిల్మ్‌కు కాలక్రమేణా తిరిగి ముడుచుకొనే గుణం ఉంటుంది. అందుకే వంపుల వద్ద, అంచుల వద్ద ముందుగా లేచిపోతుంది. ధర తక్కువ కావడంతో చాలామంది దీనివైపే మొగ్గుతారు. కాస్ట్ ఫిల్మ్ పలుచగా ఉండి వంపులకు చక్కగా ఒదుగుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. గీతల నుంచి రక్షణ కోసం వేసే పారదర్శక పాలీయూరిథేన్ ఫిల్మ్ వేరు. దాని ఖర్చు మరింత ఎక్కువ.

లెక్క ఇలా..
ధరలు దుకాణాన్ని, కంపెనీని బట్టి మారుతాయి. పోల్చి చూసేందుకు ఒక ఉదాహరణ. మేలురకం ఫిల్మ్ చదరపు అడుగు రూ.150 అనుకుంటే 245 అడుగులకు రూ.36,750. కూలి రూ.20,000 కలిపితే రూ.56,750. దీనిపై 18 శాతం జీఎస్టీ రూ.10,215. మొత్తం రూ.66,965 అవుతుంది. నాసిరకం ఫిల్మ్ అడుగు రూ.60, కూలి రూ.12,000 అనుకుంటే జీఎస్టీతో కలిపి రూ.31,506. సగానికి సగం ఆదా అనిపిస్తుంది.
అసలు లెక్క తరువాత మొదలవుతుంది. మేలురకం ఐదేళ్లు నిలిచి, తొలగింపునకు రూ.5,000 అయితే ఏడాదికి పడే భారం రూ.14,393. చౌకరకం రెండేళ్లకే పెళుసుబారి ముక్కలుగా ఊడుతుంది. జిగురు పెయింట్‌కే అంటుకుపోవడంతో తొలగింపునకు రూ.8,000 అయిందనుకుంటే ఏడాదికి రూ.19,753 పడుతుంది. చౌక అనుకున్నదే చివరకు ఖరీదు.

ఎండ, దుమ్ము శత్రువులు
వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల చేరువకు వెళ్లే ఈ మెట్ట ప్రాంతంలో బానెట్, పైకప్పు మీది ఫిల్మ్ పక్క తలుపుల మీది ఫిల్మ్ కన్నా త్వరగా పాడవుతుంది. పరిటాల, దొనబండ పరిసరాల్లోని క్వారీలు, క్రషర్ల దుమ్ము పడిన కారును పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందుగా నీళ్లతో దుమ్ము వదిలించి, తరువాతే మెత్తని గుడ్డ వాడాలి. కారును నీడలో నిలపడం మేలు.

పని తీరు చూడాలి
పని దుమ్ము లేని గదిలో జరగాలి. కారును శుభ్రంగా కడిగి, మైనం, నూనె జిడ్డు పూర్తిగా తొలగించాలి. ఫిల్మ్ అతికించిన తరువాత అంచులను, లోతైన మడతలను హీట్‌గన్‌తో మళ్లీ వేడిచేయాలి. ఈ దశ వదిలేస్తే కొద్ది వారాలకే అంచులు లేస్తాయి. కారుపైనే బ్లేడుతో కోస్తే పెయింట్ మీద గాట్లు పడే ప్రమాదం ఉంది. డెంటింగ్ చేసి తిరిగి రంగు వేసిన భాగాలపై ఫిల్మ్ తొలగించినప్పుడు ఆ రంగు కూడా ఊడిరావచ్చు. కాబట్టి సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవారు ముందే పరీక్షించుకోవాలి.

ఆర్‌సీలో రంగు మార్చుకోవాలి
వాహనం రంగు రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. అందువల్ల కారు మొత్తానికి రంగు మార్చదలచినవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో సంప్రదించాలి. రుణంపై కొన్న కారుకు బ్యాంకు అంగీకారం తీసుకోవాలి. బీమా కంపెనీకి సైతం రాతపూర్వకంగా తెలియజేస్తే క్లెయిమ్ సమయంలో పేచీ ఉండదు. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకే పరిమితం. నంబరు ప్లేట్లు, దీపాలపై ఫిల్మ్ వేయరాదు. కిటికీ అద్దాల నుంచి కనీసం 50 శాతం, ముందు, వెనుక అద్దాల నుంచి 70 శాతం కాంతి ప్రసరించాలన్నది నిబంధన.

బిల్లులో ఏముండాలి?
* ఫిల్మ్ కంపెనీ, రకం, సిరీస్ పేరు
* వాడిన మీటర్లు, మీటరు ధర
* కూలి, జీఎస్టీ వేర్వేరుగా
* తలుపుల లోపలి అంచులు ధరలో ఉన్నాయా, లేదా
* వారంటీ ఎన్నేళ్లు, బానెట్‌కు, పైకప్పుకు వర్తిస్తుందా
* తొలగింపు ఖర్చు ఎవరిది

కంచికచర్ల నుంచి సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని విజయవాడ వెళ్లి పని చేయించుకొనేవారు రెండు మూడు చోట్ల ఈ వివరాలు రాయించుకొని పోల్చి చూడాలి. అంత వెచ్చించలేనివారు పైకప్పుతో సరిపెట్టుకోవచ్చు. పై ఉదాహరణ ధర ప్రకారం దానికి మేలురకం ఫిల్మ్ సుమారు రూ.5,000కే వస్తుంది. కూలి, పన్ను అదనం. కారు మొత్తానికి నాసిరకం తొడిగించడం కన్నా కొద్ది భాగానికి మేలురకం వేయించుకోవడమే లాభదాయకం.