గాలిలో దీపము

శ్రీహరికోట నుండి రాకెట్టు లేచినదన్న వార్త మన ఇండ్లకు కొత్త కాదు. పులికాట్ సరస్సుకును బంగాళాఖాతమునకును నడుమనున్న ఆ ద్వీపము నుండి 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను చిన్న రాకెట్టు మొదటిసారి ఎగిరెను. నాడది నెల్లూరు జిల్లాలోనిది. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. అక్కడి ప్రయోగములలో ఏ ఉపగ్రహమును మోయక, అయిదు నిమిషములలో సముద్రమున పడిపోయిన ఒకదానిని గూర్చి నేడు ముచ్చటించుకొందము.

పూర్వము కాలినడకను తిరుపతికి వచ్చు యాత్రికులు చద్దిమూటతో బయలుదేరెడివారు. దారిలో సత్రములున్నచో మూట తేలిక, లేనిచో బరువు. రాకెట్టు సత్రము నెరుగని యాత్రికుడు. ఇంధనము మండుటకు ప్రాణవాయువు కావలెను గదా! చుట్టును గాలి ఉన్నను వాడుకొనలేక, ప్రాణవాయువు నొసగు పదార్థమును గూడ రాకెట్టు తానే మోసికొనిపోవును. అది మోయు చోదక పదార్థములో ఇంచుమించు నూటికి 70 వంతులు ఇదియే. దారిలోని గాలినే వాడుకొనుచు మహావేగమున సాగుటకై కల్పింపబడినది స్క్రామ్‌జెట్ ఇంజను.

జెట్ విమానమున తిరుగు రెక్కలు గాలిని అదిమి లోనికి పంపును. రామ్‌జెట్‌లో ఆ రెక్కలుండవు. వేగమే గాలిని అదుమును. అయితే ఆ గాలి ధ్వనివేగమునకు లోబడిన పిమ్మటనే అందులో మంట సాగును. ధ్వనికి అయిదారు రెట్ల వేగమున గాలి నట్లు నెమ్మదింపజేసినచో అది మితిమీరి వేడెక్కి, మంటవలని లాభము హరించిపోవును. కావున స్క్రామ్‌జెట్‌లో గాలి ధ్వనిని మించి ప్రవహించుచుండగనే ఇంధనమును మండింపవలెను. అందుకు దొరకు వ్యవధి సెకనులో వేయవ వంతు ప్రమాణము. అంతలో ఇంధనము గాలితో కలియవలెను, అంటుకొనవలెను, ఆరక నిలువవలెను. గాలిలో దీపము పెట్టి దేవునిపై భారము వేయుట సామెత. ఇచట ఆ దీపమును నిలుపుటయే శాస్త్రము. ఈ ఇంజను నిలిచిన చోటినుండి కదలలేదు. మొదట రాకెట్టు దానికి వేగము నందింపవలెను. నేలమీద ఎన్ని పరీక్షలు జరిపినను, తుదకు ఆకసమున ఎగురవేసి చూడక తప్పదు.

ఈ పరీక్షను సోవియట్ శాస్త్రజ్ఞులు 1991లోను, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమువారు 2002లోను జరిపిరి. అమెరికావారి ఎక్స్-43ఎ విమానము 2001లో, దానిని మోయు రాకెట్టు గతి తప్పుటచే నష్టమైనది. 2004 నవంబరులో అదే కోవకు చెందిన విమానము ధ్వనికి 9.6 రెట్ల వేగమందుకొనెను. ఇంజను మండినది పది సెకనులు మాత్రమే.

మన దేశమువారు తొందరపడలేదు. 2010 మార్చి 3వ తేదీన శ్రీహరికోట నుండి రోహిణి-560 తరగతి రాకెట్టునకు స్క్రామ్‌జెట్ భాగములను తగిలించి, మంట పెట్టకయే ఎగురవేసిరి. ధ్వనికి ఆరు రెట్ల వేగమున ఏడు సెకనులు సాగగలుగుటను చూచుకొనిరి. దీపమునకు ముందు గూడు కట్టినట్లన్నమాట. 2016 ఆగస్టు 28వ తేదీ ఉదయము 6 గంటలకు 3,277 కిలోల వాహనము రెండు ఇంజనులతో లేచెను. హైడ్రోజను ఇంధనముగా, గాలిలోని ప్రాణవాయువుతో ఆ ఇంజనులు 5 సెకనులు మండెను. లేచిన 300 సెకనులకు వాహనము తీరమునకు 320 కిలోమీటర్ల దూరమున సముద్రమున పడెను. 2024 జూలై 22న శ్రీహరికోటలోనే మరల ఇట్టి ప్రయోగము జరిగినది.

హైదరాబాదులోని రక్షణ పరిశోధనాశాల మరియొక దారిని నడిచినది. ఆ సంస్థ రూపొందించిన వాహనము 2020 సెప్టెంబరు 7న ఒడిశా తీరమున 20 సెకనులకు పైగా స్క్రామ్‌జెట్ మంటను నిలిపెను. 2025 ఏప్రిల్‌లో హైదరాబాదులో నేలమీది పరీక్షయందు మంట వేయి సెకనులు దాటెను. ఇది క్షిపణుల కొరకైన కృషి. ఉపగ్రహమును చవుకగా కక్ష్య చేర్చవలెనన్న ఆశయు, శత్రువు అడ్డగింపలేని అస్త్రము కావలెనన్న కోరికయు ఒకే మంటను ఆశ్రయించినవి. దీపము ఇంటికి వెలుగు, చూరునంటిన నిప్పు.

శ్రీహరికోటపై వెలిగిన ఆ అయిదు సెకనులు లెక్కకు స్వల్పము. కాని చద్దిమూట బరువు తగ్గవలెనన్నచో దారిలో తొలి సత్రము ఎక్కడనో ఒకచోట కట్టవలసినదే. దానిని మన తీరముననే కట్టినారు. ఆ దారి వెలుగు వైపునకే సాగునట్లు చూచుకొనుట మాత్రము శాస్త్రజ్ఞుల పని ఒక్కటే కాదు, మనయందరి పని.